అడిగే ధర, పలికే ధర

రాయ్‌పూర్‌లో పదేళ్లు కదలని విమానం చెబుతున్న లెక్క ఇది. ఊహించుకున్న ధర కోసం ఎదురుచూసే కొద్దీ అమ్మేవాడి చేతికొచ్చేది తగ్గిపోతుంది.

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు. విమానం సంగతి వేరు. ఎగురుతున్నంత కాలం కోట్లు పలికే ఆ యంత్రం, నేల మీద నిలబడిపోయిన రోజు నుంచే విలువ కోల్పోవడం మొదలుపెడుతుంది. అనుమానం ఉన్నవాళ్లు రాయ్‌పూర్‌లోని స్వామి వివేకానంద విమానాశ్రయం కథ వినాలి.

2015 ఆగస్టు 7న ఢాకా నుంచి మస్కట్ వెళ్తున్న ఎండీ-83 రకం విమానం ఒకటి ఇంజన్ మొరాయించడంతో ఇక్కడ అత్యవసరంగా దిగింది. బంగ్లాదేశ్‌కు చెందిన యునైటెడ్ ఎయిర్‌వేస్ సంస్థ విమానమది. లోపల 170 మందికి పైగా ప్రయాణికులు. అందరూ క్షేమంగా దిగి, మరో విమానంలో తమ దారిన తాము వెళ్లిపోయారు. దిగిన విమానం మాత్రం ఉండిపోయింది. మరుసటి ఏడాదికే ఆ సంస్థ సర్వీసులు ఆగిపోయాయి. విమానాశ్రయ అధికారులు ఉత్తరాల మీద ఉత్తరాలు, ఈ-మెయిళ్ల మీద ఈ-మెయిళ్లు పంపారు. విమానాన్ని అమ్మి బాకీ తీరుస్తామని, అందుకు గడువు కావాలని 2018లో సంస్థ కోరింది. అమ్మకం జరగలేదు. 2025 ఆగస్టులో పదేళ్లు నిండేనాటికి పార్కింగ్ బాకీ దాదాపు 4 కోట్ల రూపాయలకు చేరింది.

ఈ బాకీ పెరిగిన తీరు చూడండి. పార్కింగ్ రుసుము గంటకు 320 రూపాయలు. నగరంలో ఇద్దరు హోటల్‌లో భోంచేస్తే అయ్యే ఖర్చు. కానీ రోజుకు అది 7,680 రూపాయలవుతుంది. ఏడాదికి 28 లక్షలు దాటుతుంది. పదేళ్లకు అసలే 2 కోట్ల 80 లక్షలు. ఈ మీటరు తిరుగుతున్నంతసేపూ రెండో వైపు మరో మీటరు వెనక్కి తిరుగుతోంది. అది విమానం విలువ.

ఎండీ-80 కుటుంబానికి చెందిన విమానాల తయారీ 1999లోనే ఆగిపోయింది. ఇంధనం ఎక్కువ తాగుతాయి, శబ్దం ఎక్కువ చేస్తాయి. అయినా 2015లో వాటికి గిరాకీ పూర్తిగా పోలేదు. అమెరికాలో పెద్ద సంస్థలు ఇంకా నడుపుతున్నాయి కాబట్టి విమానం ఎగరకపోయినా విడిభాగాలకు కొనేవాళ్లుండేవారు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2019 సెప్టెంబరు 4న తన చివరి ఎండీ-80లకు వీడ్కోలు చెప్పింది. డెల్టా 2020 జూన్ 2న మిగిలిన ఎండీ-88, ఎండీ-90లను ఆపేసింది. దాంతో విడిభాగాలు కొనేవాళ్లు పోయి, అమ్మేవాళ్లు మిగిలారు. అమెరికా ఎడారుల్లో అదే రకం విమానాలు వరసగా నిలబడి ఉండగా, ఇంజన్ మొరాయించిన ఒక దాని కోసం రాయ్‌పూర్ దాకా ఎవరొస్తారు? 2016లో వచ్చే ధర 2018లో రాదు. 2018లో వచ్చే ధర 2021లో అసలే రాదు. ఆలస్యం అమృతం విషం అన్న మాటకు ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఇందులో నష్టపోయింది ఎవరు? బాకీ రావలసిన ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ప్రభుత్వ సంస్థ. అంటే ప్రజల సొమ్ము. అటువైపు యునైటెడ్ ఎయిర్‌వేస్ ఢాకా స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన కంపెనీ. షేర్లు కొన్న చిన్న మదుపరులకు మిగిలిన కొద్దిపాటి ఆస్తుల్లో ఈ విమానమూ ఒకటి. సకాలంలో, వచ్చిన ధరకు అమ్మి ఉంటే ఇద్దరికీ ఎంతో కొంత దక్కేది.

యజమాని మనసులో ఉన్న అంకె

ఇది ప్రయాణికుల విమానం కథ కదా, సొంత విమానాలున్న శ్రీమంతులకు దీనితో పనేంటి అనిపించవచ్చు. పని చాలా ఉంది. ఉక్కు, విద్యుత్, సిమెంటు వ్యాపారాలతో ఎదిగిన ఛత్తీస్‌గఢ్ లాంటి రాష్ట్రాల్లో సొంత విమానం అవసరంగానో హోదాగానో మారింది. వ్యాపారంలో మంచి రోజులు వచ్చినప్పుడు కొంటారు. గడ్డు రోజులు వచ్చినప్పుడు అమ్ముతారు. చిక్కంతా అక్కడే. ఒకరికి గడ్డు రోజులు వచ్చాయంటే చాలాసార్లు ఆ రంగంలో అందరికీ వచ్చినట్లే. 2008 ఆర్థిక మాంద్యంలో ప్రపంచమంతటా జరిగిందిదే. అమ్మేవాళ్ల వరస పెరిగింది, కొనేవాళ్లు మాయమయ్యారు. కరోనా తర్వాత 2021, 2022లలో దీనికి పూర్తిగా తలకిందులుగా జరిగింది. సాధారణ విమానాల్లో వెళ్లడానికి జంకిన సంపన్నులు సొంత విమానాల కోసం ఎగబడ్డారు. పాత జెట్‌ల ధరలు కొత్త వాటితో పోటీపడ్డాయి. ఆ ఊపు తగ్గిపోయినా, అప్పట్లో పక్క కంపెనీ వాళ్ల జెట్ ఎంతకు పోయిందన్న అంకె మాత్రం చాలామంది యజమానుల మనసులో అలాగే అచ్చుపడిపోయింది.

విమానం అమ్మే యజమాని చెప్పే ధర వెనుక సాధారణంగా మూడు అంకెలుంటాయి. మొదటిది తాను కొన్న ధర. రెండోది బ్యాంకుకు ఇంకా కట్టాల్సిన అప్పు. మూడోది కొన్నాక పెట్టిన ఖర్చు. ఇటాలియన్ తోలు సీట్లకు ఇంత, కొత్త రంగుకు ఇంత, ఉపగ్రహ ఫోనుకు ఇంత అని పద్దు చెబుతారు. కొనేవాడికి ఈ మూడింటితోనూ సంబంధం లేదు. అతను చూసేది ఈ విమానం ఇంకెన్ని గంటలు ఎగురుతుంది, ఆ గంటలకు తాను ఎంత ఖర్చు పెట్టాలి అన్నదే. ఇంటి వంటగది బాగు చేయించడానికి 10 లక్షలు పెడితే ఇల్లు అమ్మేటప్పుడు 10 లక్షలూ ఎలా తిరిగిరావో, తోలు సీట్లదీ అంతే. పైగా ఆ సీట్ల రంగు కొనేవాడి భార్యకు నచ్చకపోవచ్చు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ప్రకటనల్లో కనిపించేవి అడిగే ధరలు. పలికిన ధరలు బయటికి రావు. నలుగురు యజమానులు 22 కోట్లు అడుగుతున్నారు కాబట్టి నా విమానం ధరా 22 కోట్లే అనుకోవడం, అమ్ముడుపోని నలుగురిని చూసి లెక్క వేసుకోవడమే. పలికిన ధరల సమాచారం దళారుల దగ్గర, ఎయిర్‌క్రాఫ్ట్ బ్లూ బుక్, వీరెఫ్ వంటి అమెరికన్ ధరల పట్టికల్లో దొరుకుతుంది. పట్టికలు కూడా సగటు స్థితిలో ఉన్న విమానానికే ధర చెబుతాయి. ఒక్కో విమానానికి అక్కడి నుంచి కూడికలు, తీసివేతలు మొదలవుతాయి.

కూడికలు, తీసివేతలు

ఆ లెక్క ఎలా ఉంటుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. మన దేశంలో రాష్ట్ర ప్రభుత్వాలకూ, కంపెనీలకూ బాగా పరిచయమైన రెండు ఇంజన్ల టర్బోప్రాప్ విమానం బీచ్‌క్రాఫ్ట్ కింగ్ ఎయిర్ బీ200 అనుకోండి. దీనికి ఉండే పీటీ6ఏ ఇంజన్లను సాధారణంగా 3,600 గంటలు నడిచాక పూర్తిగా విప్పి బాగుచేయాలి. దాన్నే ఓవర్‌హాల్ అంటారు. అదే వయసు, అదే రకం విమానం ఒకటి ఈ మధ్యే 20 కోట్లకు అమ్ముడుపోయిందనుకుందాం. దాని ఇంజన్లు 1,800 గంటలు నడిచాయి. అంటే సగం ఆయుష్షు మిగిలి ఉంది. మన విమానం ఇంజన్లు 3,200 గంటలు నడిచాయి. ఒక్కో ఇంజన్ ఓవర్‌హాల్‌కు 4 కోట్లు అవుతుందనుకుంటే, ఎక్కువగా నడిచిన 1,400 గంటల విలువ ఇంజన్‌కు కోటీ 55 లక్షలు. రెండింటికీ కలిపి 3 కోట్ల 11 లక్షలు. 20 కోట్లలోంచి అది పోతే మిగిలేది 16 కోట్ల 89 లక్షలు.

త్వరలో చేయించాల్సిన పెద్ద తనిఖీ ఒకటి ఉంది, దానికి 40 లక్షలు తగ్గించాలి. కోటిన్నర పోసి నిరుడు లోపల హంగులు చేయించారు. దానికి దయతలచి 50 లక్షలు కలపొచ్చు. చివరికి తేలేది 17 కోట్లకు ఒక లక్ష తక్కువ. బేరానికి కాస్త జాగా ఉంచుకుని పదిహేడున్నర అడగడం న్యాయం. యజమాని మనసులో ఉన్నది 22. ఈ నాలుగున్నర కోట్ల తేడా దగ్గరే చాలా విమానాలు హ్యాంగర్లలో దుమ్ము పట్టిపోతాయి.

ఇంజన్ గంటల తర్వాత ధరను నిర్ణయించేవి కాగితాలు. విమానం పుట్టిన నాటి నుంచి ఏ మరమ్మతు ఎప్పుడు ఎవరు చేశారో రాసిపెట్టే లాగ్‌బుక్కులే దాని జాతకం. ఒక పుస్తకం పోయిందంటే కొనేవాడు ఆ కాలంలో ఏదో దాచారనే అనుకుంటాడు. పాత దెబ్బలు తగిలిన చరిత్ర ఉంటే, సరిగ్గా బాగుచేసినా ధర తగ్గుతుంది. దాన్ని ముందే చెప్పిన అమ్మకందారుకు కొంత తగ్గుతుంది. దాచిన వాడికి బేరమే తప్పుతుంది. ఎందుకంటే ఒప్పందం కుదిరాక కొనేవాడు తన సొంత ఇంజనీర్లతో కొనుగోలు ముందు తనిఖీ చేయిస్తాడు. తుప్పు, పగుళ్లు, లేని కాగితాలు అన్నీ అప్పుడు బయటపడతాయి. ఆ తనిఖీ తర్వాత కూడా నిలబడే ధరే అసలైన ధర.

మన దేశంలో దీనికి పన్నుల మెలిక కూడా ఉంది. అద్దెకు తిప్పే విమాన సర్వీసుల కోసమంటూ రాయితీపై దిగుమతి చేసుకున్న విమానాన్ని సొంత విహారాలకు వాడినా, అలా వాడుకునే వాళ్లకు అమ్మినా కస్టమ్స్ శాఖ పాత సుంకం అడగవచ్చు. వ్యక్తిగత వినియోగ విమానాలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతమైంది. అంతకుముందు అది 28 శాతం. దిగుమతి భారమైంది కాబట్టి ఇప్పటికే దేశంలో ఉన్న విమానానికి గిరాకీ వస్తుందని యజమాని ఆశపడతాడు. కొనేవాడు మాత్రం ఆ విమానం ఏ కేటగిరీలో వచ్చింది, పాత సుంకం బాకీ ఏమైనా తన నెత్తిన పడుతుందా, డీజీసీఏ రిజిస్ట్రేషన్ మార్పుకు బ్యాంకు అభ్యంతరం ఉందా అని చూస్తాడు. ఈ ప్రశ్నల్లో ఒక్కదానికి జవాబు లేకపోయినా ధర కిందికే.

ఇక ఎదురుచూపుల ఖరీదు. హ్యాంగర్ అద్దె, బీమా, పైలట్ల జీతాలు, ఎగిరే అర్హత ధ్రువపత్రం నిలుపుకోవడానికి చేయించే పనులు అన్నీ కలిపి నెలకు 12 లక్షలు అనుకుందాం. ఈరోజు ఒకాయన పదహారున్నర కోట్లు ఇస్తానన్నాడు. యజమాని ఒప్పుకోలేదు. ఏడాది ఆగాడు. అదృష్టం బాగుండి 18 కోట్లకు అమ్మాడు. గెలిచానని అనుకుంటాడు. ఏడాది ఖర్చు కోటీ 44 లక్షలు తీసేయండి. పదహారున్నర కోట్ల మీద 9 శాతం వడ్డీ కోటీ 48 లక్షలు తీసేయండి. మిగిలింది 15 కోట్ల 8 లక్షలు. ఏడాది కాలంలో విమానం వయసు పెరగడం, ఇంజన్లు ఆగి ఉండటం ఈ లెక్కలో చేర్చనే లేదు. పైగా ఎక్కువ కాలం ప్రకటనల్లో కనిపించిన విమానాన్ని దళారులు గుర్తుపెట్టుకుంటారు. పొద్దెక్కేదాకా గంపలో మిగిలిన కూరగాయల్ని చూసినట్లే చూస్తారు.

152 కోట్ల నుంచి కోటీ 9 లక్షలకు

ఈ సూత్రం కాగితం మీద లెక్క మాత్రమే కాదని దేశమంతా చూసింది. విజయ్ మాల్యా వాడిన ఎయిర్‌బస్ ఏ319 విమానం గుర్తుండే ఉంటుంది. మాల్యా పేరులోని అక్షరాలతోనే వీటీ-వీజేఎం అన్న రిజిస్ట్రేషన్. మామూలుగా వంద మందికి పైగా పట్టే ఆ విమానాన్ని కొద్దిమంది అతిథుల కోసం పడకగది, బార్‌తో సహా తీర్చిదిద్దారు. కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ కట్టని సేవాపన్ను కోసం ఆ శాఖ అధికారులు 2013 డిసెంబరులో దాన్ని జప్తు చేశారు. విమానం ముంబై విమానాశ్రయంలో నిలబడిపోయింది.

2016లో వేలానికి పెట్టినప్పుడు నిర్ణయించిన కనీస ధర 152 కోట్ల రూపాయలు. వచ్చిన బిడ్డు కోటీ 9 లక్షలు. ఆ తేడా చూసి దేశం నవ్వుకుంది. మరో విడతలో 27 కోట్లకు పైగా వచ్చింది. అదీ చాలదని తిరస్కరించారు. చివరికి 2018లో అమెరికాకు చెందిన ఒక సంస్థ 34 కోట్ల 80 లక్షలకు కొనుక్కుంది. ప్రభుత్వం మొదట అనుకున్న ధరలో నాలుగో వంతు కూడా రాలేదు.

27 కోట్లు కాదని ఆగి 34 కోట్లు తెచ్చారు కదా, ఆగడమే మంచిదైంది కదా అని వాదించవచ్చు. వాదనలో కొంత నిజముంది. కోటీ 9 లక్షలను తిరస్కరించడం ముమ్మాటికీ సరైనదే. వచ్చిన ప్రతి బేరానికీ తలూపమని ఎవరూ చెప్పరు. తప్పు 152 కోట్ల దగ్గర జరిగింది. జప్తు చేసిన 2013లో, విమానం ఇంకా చల్లారకముందే మార్కెట్లో పెట్టి ఉంటే ఎంత వచ్చేదో ఊహించుకోవచ్చు. మొదటి వేలం దాకానే రెండున్నరేళ్లు గడిచాయి. ఎగరని విమానానికి ఎగిరే విమానం ధర కట్టడంతో నిజమైన కొనుగోలుదారులు మొదటి విడతలో దగ్గరికే రాలేదు. అందుకే కోటీ 9 లక్షల బిడ్డు అంత విడ్డూరంగా కనిపించింది.

రాజస్థాన్ ప్రభుత్వానిదీ ఇదే అనుభవం. 2005లో కొన్న అగస్టా హెలికాప్టర్ 2011లో రోటర్‌లో లోపం వచ్చి నేలకు పరిమితమైంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి వేలాలు పెట్టినా కొనేవాళ్లు రాలేదు.

ఎక్కువకు కొన్నా తప్పే, తక్కువకు అమ్మినా తప్పే

అధికారులకు ఇంత మాత్రం తెలియదా? తెలుసు. అయినా పెద్ద అంకె రాయడానికి కారణముంది. దాన్ని అర్థం చేసుకోవడానికి మళ్లీ రాయ్‌పూర్‌కే రావాలి.

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2007లో అగస్టా ఏ109 పవర్ హెలికాప్టర్‌ను 65 లక్షల 70 వేల డాలర్లకు కొన్నది. పోటీ టెండర్లతో కాకుండా ముందే ఒక రకాన్ని అనుకుని కొనడం వల్ల అదనపు ఖర్చయిందని కాగ్ 2011లో వెలువడిన నివేదికలో తప్పుపట్టింది. వివాదం రాజకీయమైంది, సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2018 ఫిబ్రవరిలో కోర్టు పిటిషన్‌ను కొట్టేసింది. అంటే కొన్న పదేళ్లకు పైగా ఆ ధర మీద ప్రశ్నలకు అధికారులు జవాబులు చెబుతూనే ఉన్నారు. ఆ హెలికాప్టర్ 2022 మే 12న ఇదే రాయ్‌పూర్ విమానాశ్రయంలో కూలిపోయి ఇద్దరు పైలట్లు ప్రాణాలు కోల్పోయారు.

విమానం ధర మీద సంతకం పెట్టిన అధికారిని పదేళ్ల తర్వాత కూడా ప్రశ్నిస్తారని సచివాలయాల్లో అందరికీ తెలుసు. ప్రశ్నించడం తప్పు కాదు. ప్రజాధనానికి లెక్క అడగాల్సిందే. అయితే మన వ్యవస్థలో ప్రశ్న ఒక వైపు నుంచే వస్తుంది. 152 కోట్లని రాసి అమ్మలేకపోయిన అధికారిని ఎవరూ ఏమీ అనరు. 40 కోట్లని రాసి వెంటనే అమ్మేసిన అధికారి మీద ఎవరికి కట్టబెట్టావని విచారణ వస్తుంది. తక్కువకు అమ్మితే నష్టం ఒక ఫైలులో, ఒక సంతకం కింద కనబడుతుంది. అమ్మకుండా కూర్చుంటే నష్టం ఏ పద్దులోనూ ఎక్కదు. ఇలాంటి చోట తెలివైన అధికారి ఏం చేస్తాడు? కనీస ధర ఆకాశంలో పెట్టి, బదిలీ కోసం ఎదురుచూస్తాడు. ప్రైవేటు యజమానిని అహం ఆపుతుంది, ప్రభుత్వ అధికారిని భయం ఆపుతుంది. విమానం మాత్రం రెండు చోట్లా ఒకేలా పాడవుతుంది.

బ్రిటన్‌లో ఈ చిక్కుకు చట్టంలోనే దారి చూపారు. అక్కడి 1982 పౌర విమానయాన చట్టం ప్రకారం, రుసుములు కట్టని విమానాన్ని విమానాశ్రయం నిలిపివేయవచ్చు. 56 రోజుల్లోగా బాకీ తీర్చకపోతే కోర్టు అనుమతితో అమ్మేయవచ్చు. అమ్మేటప్పుడు సహేతుకంగా రాగల అత్యుత్తమ ధర తేవడం విమానాశ్రయం బాధ్యత. ఆ మాటల్లో ఉన్న వివేకం గమనించండి. అత్యుత్తమ ధర అని ఊరుకోలేదు, సహేతుకంగా రాగల అన్నారు. అధికారి నుంచి చట్టం కోరేది అద్భుతాలు కాదు, సరైన పద్ధతి. పద్ధతి పాటించిన వాడికి ఆ మాటే రక్ష.

మన దగ్గర కూడా చట్టాలు మారుతున్నాయి. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1న అమల్లోకి వచ్చింది. కేప్‌టౌన్ ఒప్పందానికి చట్టబలమిస్తూ విమాన వస్తువుల్లో ప్రయోజనాల రక్షణ చట్టాన్ని పార్లమెంటు 2025లోనే ఆమోదించింది. విమానాలు అద్దెకిచ్చే విదేశీ సంస్థలు తమ విమానాలను త్వరగా వెనక్కి తీసుకోవడానికి ఇది ఉపయోగపడుతుంది. అయితే యజమాని చేతులెత్తేసిన, అద్దెకిచ్చినవాడూ రాని విమానం సంగతేమిటి? రాయ్‌పూర్ ప్రశ్న అదే. దానికి ఇంత గడువులో, ఈ పద్ధతిలో అమ్మాలన్న సూటి నిబంధన కావాలి.

ఆఖరి ధర, రవాణా అదనం

ధర దిగి దిగి చివరికి ఎక్కడ ఆగుతుంది? అల్యూమినియం తుక్కు దగ్గర. లేదా హోటల్ దగ్గర. 2022 నవంబరులో బాపట్ల జిల్లా మేదరమెట్ల వాసులకు ఒక విచిత్ర దృశ్యం కనబడింది. రెక్కలు తీసేసిన ఎయిర్‌బస్ ఏ320 ఒకటి ట్రైలర్ మీద వచ్చి అండర్‌పాస్‌లో ఇరుక్కుపోయింది. కేరళలో వేలంలో కొన్న పాత విమానాన్ని రెస్టారెంట్‌గా మార్చేందుకు హైదరాబాద్ తీసుకెళ్తుండగా జరిగిన తంటా అది. జనం సెల్‌ఫోన్లతో ఎగబడ్డారు. పోలీసుల సాయంతో ఎలాగో బయటికి తీశారు. వేల అడుగుల ఎత్తున తిరిగిన విమానం చివరికి ఒక వంతెన కింద పట్టలేదు. తుక్కు ధరకు కొన్నవాడు కూడా దాన్ని ఇంటికి చేర్చుకునే ఖర్చు లెక్కేసుకునే బిడ్డు వేస్తాడని మర్చిపోకూడదు. రాయ్‌పూర్ విమానం కొనేవాడూ అంతే. దాన్ని విప్పడానికి, తరలించడానికి అయ్యే ఖర్చు, 4 కోట్ల బాకీ, ఇవన్నీ తీసేశాక విమానానికి ఏమైనా మిగులుతుందా అన్నది అతని మొదటి ప్రశ్న. మిగలని రోజున ఆ విమానం ఆస్తి జాబితాలోంచి అప్పు జాబితాలోకి మారిపోతుంది.

అలా మారకముందే అమ్మడానికి పెద్ద విద్యలేమీ అక్కర్లేదు. ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు మదింపుదారులతో ధర కట్టించాలి. కట్టిన ధరతో పాటు, అమ్మకుండా ఉంచితే నెలకు ఎంత నష్టమో కూడా వాళ్లతోనే రాయించాలి. ఆ రెండో అంకె ఫైలులో ఉంటే సంతకం పెట్టే చేయి వణకదు, పెట్టని చేయికి జవాబుదారీ వస్తుంది. మొదటి వేలంలో రాకపోతే రెండో వేలంలో కనీస ధర ఎంత శాతం తగ్గుతుందో, ఎన్నాళ్లకు తగ్గుతుందో ముందే ప్రకటించాలి. వేలం పూర్తయ్యేదాకా ఇంజన్లు చెడిపోకుండా చూడాలి, లాగ్‌బుక్కులు తాళం వేసి కాపాడాలి. ముఖ్యంగా కాగ్ తన తనిఖీల్లో తక్కువకు అమ్మిన వాటితో పాటు అమ్మకుండా పాడుబెట్టిన వాటినీ లెక్కించడం మొదలుపెడితే సగం హ్యాంగర్లు వాటంతటవే ఖాళీ అవుతాయి.

సొంత విమానం యజమానికి చెప్పాల్సింది ఇంకా చిన్నది. విమానాన్ని అమ్మకానికి పెట్టే రోజున, ఈ స్థితిలో ఉన్న ఇదే విమానాన్ని నేనైతే ఎంతకు కొంటాను అని తనను తాను అడగాలి. వచ్చిన జవాబు నచ్చకపోవచ్చు. అయినా ఆ అంకె దగ్గరే బేరం మొదలుపెట్టాలి. రాయ్‌పూర్ లెక్కన చూస్తే ఆలోచనకు తీసుకునే ప్రతి గంటకూ 320 రూపాయలు అవుతుంది.